పక్కోని బండి పడ్డప్పుడు



రెండు నెలల సంది పేజీల ఏం రాస్తలేనని కొందరు ఫోన్లు చేసిన్రు. నేను ఊర్ల లేను. ఏప్రిల్ల ఇంగ్లండుకు, మా బిడ్డ ఇంటికి పోయిన. పత్తి గింజలు పెట్టే యాళ్ళకు మర్రిగూడకు తిరిగొచ్చిన. అక్కడి ఎవుసం గురించి రాస్తనని పోయేటప్పుడు మాటిచ్చిన. గోధుమ చేన్లు చూసిన, గొర్ల మందలు చూసిన, ఫొటోలు తీసుకున్న. అది ఇంకోసారి రాస్త. ఇయ్యాల రాసేది బొమ్మ కార్ల గురించి.

నవ్వకున్రి. అరవై దాటిన మనిషి ఒక ఆదివారం పొద్దంత బొమ్మ కార్లు నడిపిండు, మల్ల దాని మీద ఇంత పొడుగు రాస్తుండు అనుకుంటరు. నాకు రాయబుద్ధి అయింది బొమ్మల కోసం కాదు. గని ముందుగాల బొమ్మల ముచ్చట చెప్పకపోతే ఎనక చెప్పేది సమజ్ కాదు. జర ఓపిక పట్టి చదువున్రి.

మా బిడ్డ వాళ్ళు ఉండేది ఇంగ్లండుకు దక్షిణం దిక్కు, సముద్రం ఒడ్డున, పోర్ట్స్‌మత్ అనే పట్నం పక్కన. బిడ్డ నర్సు. మనుమనికి తొమ్మిదేండ్లు. వానికి తెలుగు అంత అర్థమైతది, మాట్లాడుడే కొంచెం వంకర టింకర. ప్రతి నెల ఒక ఆదివారం అల్లుడు వాన్ని క్లబ్బుకు తీస్కపోతడట. ఆ ఆదివారం అల్లునికి డ్యూటీ పడ్డది. "నాయనా, నువ్వు పో వాని తోటి" అన్నది బిడ్డ. క్లబ్బు అంటే మన దిక్కు ఏం యాదికొస్తదో మీకు తెలుసు. పత్తాలు, పైసలు. పిలగాన్ని పట్టుకొని క్లబ్బుకు పోవుడేందని మా ఇంటామె దిక్కు చూసిన. ఆమె నవ్వింది. ఇంటికాంచి తీస్కపోయిన సకినాలు ఒక డబ్బాకు పోసి చేతికిచ్చింది. అక్కడ ఎవరికి వాళ్ళు తినేది ఏదో ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాలెనట.

తీరా పోయి చూస్తే అది ఊరి హాలు ఎనక ఒక పొడుగు షెడ్డు. మన కోళ్ళ షెడ్డుల సగముంటది. లోపల నడుము ఎత్తు బల్లల మీద చెక్కతోటి చేసిన రోడ్డు. వంకలు తిరుక్కుంట, ఒక కాడ వంతెన ఎక్కి దిగుకుంట, మొదలుపెట్టిన కాడికే వచ్చి కలుస్తది. చుట్టు మొత్తం డెబ్బై అడుగులు ఉంటదేమో. ఆ రోడ్డు మీద నాలుగు గాళ్ళు, గొర్రు తోలినట్టు, ఒకదాని పక్కన ఒకటి ఎక్కడా కలువకుంట. ఒక్కో గాడికి ఒక్కో రంగు. ఎరుపు, తెలుపు, నీలం, పసుపు.

ఆట పేరు స్లాట్ కార్ రేసింగ్. స్లాట్ అంటే ఈ గాడే. కారు జానెడు కూడ ఉండదు. అసలు కారును 32 పాళ్ళు చేస్తే అందుల ఒక పాలు. దాని ముక్కు కింద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటది, అది గాడిల దిగుతది. గాడికి రెండు పక్కల సన్నటి రాగి పట్టీలు. నాలుకకు అటొకటి ఇటొకటి సన్న తీగల కుచ్చులు, అవి రాగికి రాసుకుంటయి, కరెంటు కారుల ఉన్న మోటరుకు ఎక్కుతది. 12 వోల్టులే, ముట్టుకుంటే ఏం కాదు. మన చేతిల పిస్తోలు లాంటి పిడి, దానికొక మీట. మీట ఒత్తితే కారు ఉరుకుతది, వదిలితే ఆగుతది. స్టీరింగు లేదు. ఎటు తిప్పాలెనో గాడే చూసుకుంటది.

ఇంతేనా అనుకున్న నేను గూడ. గాడిల పోయే కారును నడిపేటందుకు ఏమున్నది, మీట ఒత్తి పట్టుకుంటే అయిపోతది కదా.

మొదటి వంక కాడనే నా కారు ఎగిరి పోయి గోడకు కొట్టుకున్నది.

అసలు కిటుకు అంత వంకల్లనే ఉన్నది. జోరుగ వస్తే ఎనక చక్రాలు బయటికి జరుగుతయి, నాలుక గాడిలకెళ్ళి లేస్తది, కారు బొక్కబోర్ల. ఇండ్లల్ల ఆడుకునే సెట్ల కార్లకు కింద అయస్కాంతం ఉంటదట, అది కింది ఇనుప పట్టీని పట్టుకొని ఉంటది, అంత తొందరగ పడది. క్లబ్బోళ్ళు ఆ అయస్కాంతం తీసేస్తరు. అది ఉంటే ఆట రాదంటరు. ఇగ వంకకు ముందే వేలు వదలాలె, వంక నడిమిట్ల మెల్లగ అందుకోవాలె, తిన్నగ అయినంక ఒత్తాలె. అరక దున్నేటప్పుడు గెట్టు కాడికి రాకముందే ఎడ్లను అదుపు చేస్తం కదా, గెట్టు మీదికి ఎక్కినంక పగ్గం గుంజితే ఏం లాభం. మనుమడు నాకు అది చెప్పేటందుకు ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటుంటే, నేనే "అరక మలిపినట్టు" అని నాకు నేను చెప్పుకున్న. మూడో వరుసకు చెయ్యి కుదిరింది.

ఈ ఆట పుట్టింది గూడ ఆ చుట్టుపక్కలనే. హావంట్ అని పక్క ఊరు. అక్కడ ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయనకు చిన్న బొమ్మల ఫ్యాక్టరీ ఉండె. అచ్చులు, పనిముట్లు చేసే పనోడు. 1952ల రేకుతోటి చేసిన, స్ప్రింగుతోటి ఉరికే కార్లు తెచ్చిండు, స్కేలెక్స్ అని పేరు. కొన్నేండ్లకు ఆ కార్లు అమ్ముడు తగ్గింది. అప్పుడాయన అదే కార్లకు కరెంటు మోటరు పెట్టి, రబ్బరు రోడ్డుకు గాళ్ళు తీసి, 1957 జనవరిల హారోగేట్ బొమ్మల ప్రదర్శనల పెట్టిండు. స్కేలెక్స్‌కు ఎలక్ట్రిక్ కలిపి స్కేలెక్స్‌ట్రిక్ అన్నడు. మరుసటి ఏడే కంపెనీని పెద్ద బొమ్మల కంపెనీకి అమ్ముకున్నడు. గిరాకి అంత వచ్చింది, చిన్న ఫ్యాక్టరీ తట్టుకోలె. ఇప్పటికీ అక్కడోళ్ళు ఈ ఆటను ఆ పేరు తోటే పిలుస్తరు, మనం వనస్పతినంత డాల్డా అన్నట్టు. అమెరికాల 1960ల నడుమ వేల దుకాణాలు లేసినయట ఈ ఆట కోసం, గంటకింత అని పైసలు కట్టి ఆడేటోళ్ళు. పదేండ్లు తిరగకముందే ఎక్కువ శాతం మూతపడ్డయి. 2009 ఆగస్టుల బ్రూక్‌ల్యాండ్స్ అనే పాత మోటరు పందేల మైదానంల జేమ్స్ మే అనే టీవీ ఆయన, వందల మందిని కలుపుకొని నాలుగు కిలోమీటర్లకు మించిన బొమ్మ రోడ్డు పరిచిండు. నడుమ కుంట వచ్చిందట, దాని మీద నుంచి గూడ తీస్కపోయిన్రు.

మన హైదరాబాదుల గూడ 2023 ఫిబ్రవరిల హుస్సేన్‌సాగర్ పక్కన అసలు కరెంటు కార్ల పందెం పెట్టిన్రు, యాదికుందా? మనకు కనపడ్డది ట్రాఫికే.

ఇదంత నాకు చెప్పింది క్లబ్బుల ఒక తెల్ల మీసాల ముసలాయన. డెబ్బై ఐదు దాటి ఉంటయి. కరెంటు పని చేసి రిటైరైనాయన. ఆయన చెప్తుంటే మనుమడు తెలుగు చేసిండు, సగం నేనే ఊహించుకున్న. నేను ఎవుసం చేస్తనని చెప్తే ఏం పండిస్తవని అడిగిండు. పత్తి, బత్తాయి అన్న. బత్తాయి అంటే మనుమనికి ఇంగ్లీషుల ఏమనాలెనో తెలువలె, ఫోనుల ఫొటో చూపించిన. సకినాలు ఒకటి నోట్ల ఏసుకొని పన్ను దిక్కు చెయ్యి పెట్టుకున్నడు, మల్ల రెండోది తీసుకున్నడు.

నాకు బల్ల కింద చూసే అలవాటు. మోటరు కాడికి పోయినా ముందుగాల వైర్లు చూస్త. కిందికి వంగి చూస్తే పెట్టెలకెళ్ళి లావు వైర్లు వచ్చి, రోడ్డుకు ఒక్క కాడ కాదు, నాలుగు కాడల తగిలించి ఉన్నయి. ఎందుకని అడిగిన. రాగి పట్టీ సన్నగుంటది, దూరం పోయినకొద్ది వోల్టేజి పడిపోతది, అవతలి కొస కాడ కార్లు నీరసంగ పోతయి, అందుకే మధ్య మధ్యల కరెంటు అందిస్తం అన్నడు. నాకు నవ్వొచ్చింది. లైను చివర మోటరు ఉన్నోని గోస ఇంగ్లండుల బొమ్మ కార్లకు గూడ ఉన్నదన్నట్టు. మాకైతే లో వోల్టేజికి మోటర్లు కాలుతయి, వైండింగుకు మాల్ దాక మోసుకపోతమని చెప్పిన. ఆయన బాగ విన్నడు. ఎన్ని హార్స్ పవరు, ఎంత లోతు అని అడిగిండు. 700 ఫీట్లు అంటే నమ్మలె, మనుమనితోటి రెండుసార్లు అడిగించిండు.

అప్పుడే ఇంకో సంగతి చెప్పిండు. అక్కడ నాలుగు గాళ్ళకు నాలుగు వేరే వేరే కరెంటు డబ్బాలు ఉన్నయి. ఇండ్లల్ల ఆడే చిన్న సెట్లకు రెండు గాళ్ళకు కలిపి ఒకటే డబ్బా ఉంటదట. రెండు కార్లు ఉరికినప్పుడు కరెంటును పంచుకుంటయి. ఒక కారు పడిపోయిందనుకో, దానికి పోయే కరెంటు మిగిలి, పక్క గాడిల కారు ఒక్కసారిగ జోరందుకుంటది. పక్కోడు పడ్డడంటే నీ బండి ఉరుకుతదన్నట్టు. అది న్యాయం కాదని క్లబ్బుల గాడికొక డబ్బా పెట్టిన్రు.

నేను తలకాయ ఊపిన. అప్పటికి అంతే. ఆ మాట నన్ను తర్వాత పట్టుకున్నది.

ఇగ ఆట సంగతి. ఆ దినం పెద్ద పోటీ ఏం కాదు, ఊరికె అందరు కలిసి ఆడుకునే దినం. పదకొండు మందిమి. బస్సు డ్రైవరు ఒకాయన, బడిల పాఠాలు చెప్పే ఆమె ఒకామె, ఇద్దరు ముగ్గురు పిల్లలు, మిగిలినోళ్ళు రిటైరైనోళ్ళు. సొంత కార్లు తెచ్చుకోవద్దన్నరు. క్లబ్బు కార్లే నాలుగు, ఒక్క తీరువి, ఒక్కో గాడికి ఒకటి. మనిషి గాడి మారుతడు, కారు మారది. మూడు నిమిషాలు ఎరుపు గాడిల, మూడు నిమిషాలు తెలుపుల, అట్ల నాలుగు గాళ్ళల్ల అందరు నడపాలె. లోపలి గాడికి వంకలు బిర్రుగుంటయి, బయటి గాడికి దూరం ఎక్కువ. ఎవనికి మంచి గాడి ఎవనికి చెడ్డ గాడి అని లేకుంట అందరు అన్ని తిరుగుతరు. నాకు మా చెర్వు కింద వంతుల పారకం యాదికొచ్చింది. మా నాయన కాలంల తూము కాడ మొదటి మడి వానికి, చివరి మడి వానికి వంతు పెట్టి పారిచ్చేటోళ్ళు.

ఎన్ని చుట్లు తిరిగినవో కంప్యూటరు లెక్క పెడతది. మూడు నిమిషాలు కాంగనే కరెంటు బందైతది, ఏ కారు ఎక్కడ ఆగిందో అక్కడి దాక సగం చుట్టు, పావు చుట్టు అని రాసుకుంటరు.

నలుగురు నడుపుతుంటే ఇంకో నలుగురు వంకల కాడ నిలబడాలె. వాళ్ళను మార్షల్స్ అంటరు. కారు పడితే నడిపేటోడు ముట్టొద్దు, జాగ ఇడిచి పోవద్దు. వంక కాడ నిలబడ్డోడే తీసి, నాలుక గాడిల పెట్టి, చెయ్యి తియ్యాలె. నీ వంతు అయిపోంగనే నువ్వు పోయి వంక కాడ నిలబడాలె, ఇప్పటిదాక నీ కారును లేపినోడు వచ్చి నడుపుతడు. మన బదులు పని లెక్కనే. ఇయ్యాల నా కలుపుకు నువ్వు వస్తివి, రేపు నీ కలుపుకు నేను వస్త. కైకిలి పైసలు లేవు, రాసుకునుడు లేదు.

నడుపుడు కంటె ఆ నిలబడుడే కష్టం అనిపించింది నాకు. కండ్లు కార్ల మీదనే ఉండాలె. పడ్డది ఏ గాడిదో రంగు చూసి తెలుసుకోవాలె. అదే గాడిల పెట్టాలె, ఎనక వచ్చే కార్లకు అడ్డం రావద్దు. నేను వంతెన దిగినంక వచ్చే వంక కాడ నిలబడ్డ. మొదలు ఒకటి రెండు మంచిగనే లేపిన. మూడోసారి రెండు కార్లు ఒక్క కాడనే పడ్డయి. నీలం ముందు పడ్డది, అది బస్సు డ్రైవరుది. దాని ఎనక పసుపు పడ్డది, అది మా మనుమనిది. నా చెయ్యి సీదా పసుపు కారు మీదికి పోయింది. అది లేపి పెట్టి, తర్వాత నీలం అందుకున్న.

"తాతా! బ్లూ ఫస్ట్ పడ్డది!"

షెడ్డు అంత వినపడేటట్టు ఒర్రిండు మనుమడు. వాని చెవులు ఎర్రగయినయి. తన కారే ముందు లేపినందుకు వానికి సంతోషం కాలె, సిగ్గయింది. వంతు అయినంక నా దగ్గరికొచ్చి మెల్లగ చెప్పిండు. ముందు పడ్డది ముందు లేపాలె, మనోళ్ళది అని చూడొద్దు తాతా, ఇంకోసారి అట్ల చెయ్యకు. బస్సు డ్రైవరు నవ్వి నా భుజం తట్టిండు. పోయింది ఆయనకు రెండు క్షణాలే. గని నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలెనో తెలువలె. తొమ్మిదేండ్ల పిలగాడు చెప్పాలెనా నాకు?

చివరికి ఎవరు గెలుస్తరు అన్నది ఇద్దరి నడుమ పడ్డది. మీసాల ముసలాయన తన నాలుగు గాళ్ళు అయిపోగొట్టుకున్నడు, 89 చుట్లు. బస్సు డ్రైవరుకు ఒక్క గాడి మిగిలింది. అందరు బల్ల చుట్టు చేరిన్రు. ముసలాయన ఆఖరి వంక కాడ మార్షలుగ నిలబడ్డడు, ఎందుకంటే ఆయన వంతు అదే. గెలుపుకు అడ్డమున్నోని కారు తన ముందర నుంచే పోతున్నది.

ఇంక ఇరవై క్షణాలు ఉన్నయనంగ డ్రైవరు కారు జోరెక్కువై ఆ వంక కాడనే పడ్డది. అటు ఇటు పొర్లి ముసలాయన ముంగట ఆగింది.

మీరు నమ్మున్రి నమ్మకపోన్రి, నా మనసుల మొదలు వచ్చిన ఆలోచన ఏందంటే, ఇగ ముసలాయన గెలిచిండు అని. ఆయన చేసేదేం లేదు. కారును చేతిల పట్టుకొని నాలుక గాడిల దొరుకుతలేనట్టు ఒక్కసారి తడబడితే చాలు. డెబ్బై ఐదేండ్ల మనిషి, చేతులు వణుకుతయి, కండ్లు ఆనవు. ఎవ్వడు ఒక్కమాట అనడు. ఎవ్వనికి తెలువది గూడ.

ఆయన చెయ్యి పొద్దంతల ఎన్నడు పోనంత జల్ది పోయింది. తియ్యుడు పెట్టుడు ఒక్కటే ఊపు. కారు ఉరికింది. డ్రైవరు అర చుట్టు తేడాతోటి గెలిచిండు.

చప్పట్లు కొట్టిన్రు. కప్పు లేదు, పైసలు లేవు. గెలిచినోడు అందరికి చాయ పొయ్యాలె, అది అక్కడి ఆనవాయితీ. ముసలాయన గురించి ఎవ్వరు ఏమనలె, ఆయన గొప్ప పని చేసిండని ఎవ్వరికి అనిపించలె. నేను ఊకోలేక మనుమనితోటి అడిగించిన. జర ఆలస్యం చేస్తే మీరే గెలుస్తుంటిరి కదా అని. వాడు అడగనన్నడు, అది అడిగే మాట కాదన్నడు. బలిమి చేస్తే అడిగిండు. ముసలాయనకు నా ప్రశ్న అర్థం కాలె. నేను నిలబడ్డదే దానికి కదా అన్నడు. అని చాయల బిస్కెటు ముంచుకున్నడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలె. ఇంగ్లండుల ఎండకాలం రాత్రి తొమ్మిది దాక ఎలుగు ఉంటది, అందుకు పట్టలేదని మా ఇంటామెకు చెప్పిన. అది అబద్ధం.

ఇప్పుడు రాసేది నేను ఎవ్వరికీ చెప్పలేదు. మా ఇంటామెకు గూడ మొన్ననే చెప్పిన.

నా చెల్కకు ఆనుకొని మా పాలాయన చెల్క ఉంటది. నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద, అన్న అంట. పేరు రాయను, ఊరోళ్ళకు తెలుస్తనే ఉంటది. చిన్నప్పుడు నాకు జొన్న బెండ్లతోటి బండి చేసిచ్చింది ఆయనే, చక్రాలు గుండ్రంగ కోసుడు ఆయనకే వచ్చేది. పెద్దగైనంక బదులు పనులు ఇద్దరం కలిసే చేసుకునేటోళ్ళం. 2001ల నేను గెట్టు దగ్గర బోరు ఏసిన. రెండు నెలలకు ఆయన బోరు సగమైంది. నీ బోరు నా నీళ్ళు గుంజుతున్నదని ఆయన అన్నడు. కాదని నేను అన్న. మన దిక్కు నేల కింద అంత రాయి, నీళ్ళు ఉండేది పగుళ్ళల్ల. ఒకటే పగులు ఇద్దరికి అందితే ఒకడు గుంజినప్పుడు ఇంకోనికి తగ్గుతది. ఆ సంగతి నాకు అప్పుడు గూడ తెలుసు. పంచాయితీల నేను తెలువనట్టే మాట్లాడిన. మాటలు బందైనయి.

2003 ఎండకాలం పెద్దోళ్ళకు యాదికుంటది. అంతకుముందు ఏడు వానలు లేవు, ఆ మే నెలల ఎండదెబ్బకు రాష్ట్రంల వెయ్యికి పైన మంది సచ్చిపోయిన్రు. మన జిల్లాల బత్తాయి తోటలు నిలబడి ఎండినయి. వదినకు పానం బాగ లేక అన్న ఆమెను హైదరాబాదు దవాఖానకు తీస్కపోయిండు. ఇంట్ల ముసలవ్వ ఒక్కతే. ఆయన ఎకరంనర బత్తాయి మొక్కలు పెట్టి అప్పటికి ఏడాది నిండలె. పాదులకు నీళ్ళు వాటంతటవే పారేటట్టు కాలువ కట్టి, కరెంటు రాంగనే మోటరు నడిచేటట్టు ఆటో పెట్టి పోయిండు.

మూడో దినం పొద్దుగాల నేను చెల్కకు పోతుంటే స్తంభం కాడ చూసిన. ఆయన మోటరుకు పోయే మూడు వైర్లల్ల ఒకటి కాలి, ఊడి వేలాడుతున్నది. రెండు ఫేజుల మీద మోటరు లేవది. కాలువ ఎండి ఉన్నది.

లైన్‌మన్ మా ఊర్లనే ఉండేటోడు. ఒక్క మాట చెప్తే పది నిమిషాల పని. నేను ఎక్కాల్సిన పని గూడ లేదు, ఎక్కొద్దు గూడ, అట్ల ఎక్కి సచ్చినోళ్ళను మనం చూసినం. చెప్తే సరిపోతుండె. ముసలవ్వకు చెప్పినా సరిపోతుండె.

నేను నా మోటరు కాడికి పోయిన. ఆ ట్రాన్స్‌ఫార్మరు 25 కేవీఏదే, దాని మీద ఆరు మోటర్లు. ఎప్పుడు లో వోల్టేజే. ఆ దినం నా స్టార్టరు డబ్బా మీద ముల్లు ఎన్నడు లేనంత పైన ఉన్నది. పైపుల నీళ్ళు నిండుగ దుంకుతున్నయి. ఆయన మోటరు ఆగినందుకు వోల్టేజి పెరిగింది, ఆయన బోరు ఆగినందుకు పగులు నీళ్ళన్ని నా దిక్కే వచ్చినయి. నేను ఆ నీళ్ళను చూసుకుంట నిలబడ్డ.

తొమ్మిది దినాలు చెప్పలె. రేపు ఎవడో చూస్తడు, ఎవడో చెప్తడు అనుకుంట ఊకున్న. పోతు వస్తు ఆ వైరు దిక్కు చూడకుంట పోయిన. అన్న తిరిగొచ్చేవరకు సగానికి పైన మొక్కలు కట్టెలయినయి. మిగిలినయి వానకాలం దాక ఆగలె. లైను పోయిందనే ఆయన అనుకున్నడు. తోట మల్ల పెట్టలె. ఆ ఏడే హైదరాబాదుకు పోయి రెండేండ్లు వాచ్‌మన్ పని చేసొచ్చిండు.

నా తోట దక్కింది. కాయకు ఆ ఏడు రేటు గూడ వచ్చింది, తోటలు ఎండినయి కాబట్టి. ఆ పైసలతోటే మా బిడ్డను నర్సింగుల చేర్పించిన. ఆ చదువుతోటే అది ఇంగ్లండు పోయింది. ఆ బిడ్డ ఇంట్లనే, మెత్తటి పరుపు మీద పండుకొని, ఒకటే డబ్బా మీద రెండు కార్లు అన్న ముసలాయన మాట యాది చేసుకుంటున్న.

మాది గాడికొక డబ్బా కాదు. ఒకటే ట్రాన్స్‌ఫార్మరు, ఒకటే పగులు. ఆ సంగతి కొత్తగ తెలిసింది కాదు. గని పడ్డది నా ముంగటనే పడ్డది, ఆ వంక కాడ నిలబడ్డది నేనే అన్న సంగతి ఇరవై ఏండ్లు ఆలోచించకుంట దాటేసిన.

మొన్న ఊరికి వచ్చినంక మా ఇంటామెకు చెప్పిన. చానసేపు ఏం మాట్లాడలె. తర్వాత ఒకటే అన్నది, నాకు చెప్తే ఏమొస్తది, ఆయనకు చెప్పు అని. వారం దినాలల్ల రెండుసార్లు వాళ్ళ చెల్క దాక పోయిన. ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకునుడు ఉన్నది, కూసొని మాట్లాడుడు లేదు. అన్న గట్టు మీద కూసొని బీడీ తాగుతుండు. వానలు ఎట్లున్నయి, గింజలు ఏవి తెచ్చిన్రు అని అడిగి వచ్చిన. ఇంగ్లండు ఎట్లుండె అని ఆయన అడిగిండు. మంచిగుండె అన్న. రెండోసారి గూడ అంతే. నోరు లేవలె. ఎదురుంగ చెప్పేది పేజీల రాసుడేందని మీరు తిడితే తిట్టున్రి, అది న్యాయమే.

అన్న ఫోను చూడడు. ఆయన కొడుకు చూస్తడు. లైకు కొట్టడు గని ఈ పేజీ చూస్తడని నాకు ఎరుకే.

బిడ్డా, ఇది మీ నాయనకు చదివి వినిపియ్యి. చెల్క కాడ వద్దు, ఇంట్ల కూసుండబెట్టి చదువు, ఆయనకు బీపీ ఉన్నది. బొమ్మ కార్ల ముచ్చట గూడ ఇడిచిపెట్టకుంట చదువు, ఆయనకు అటువంటివి ఇష్టం. రేపు పొద్దుగాల ఏడింటికి నేను ఆ స్తంభం కాడ ఉంట.